బాంబును వదిలి ఇంటిని గీయండి: యుద్ధంలో చిక్కిన బాల్యాన్ని బొమ్మగా వేయడం ఎలా

యుద్ధం మీద బొమ్మ వేయమనగానే చాలామంది ముందు ట్యాంకు గీస్తారు. పైన విమానం, కింద మంటలు, ఒక మూల ఏడుస్తున్న పిల్ల. ఎరుపూ నలుపూ ట్యూబులు అందరికంటే ముందు అయిపోతాయి. చెన్నైలో ఆదివారాలు పెద్దవాళ్ళకి బొమ్మలు నేర్పుతూ ఇలాంటివి చాలా చూశాను. వేసినవాళ్ళు మనసు పెట్టే వేస్తారు, కష్టపడి వేస్తారు. అయినా ఆ బొమ్మ ముందు ఎవరూ ఆగరు. టీవీలో రోజూ చూసి చూసి అలవాటైపోయిన దృశ్యం అది.

పసివాడి దగ్గరికి యుద్ధం ట్యాంకెక్కి రాదు. అర్ధరాత్రి నిద్రలేపి, చెప్పులు కూడా వేసుకోనివ్వకుండా ఎత్తుకుపోతారు. బడిసంచీలో పుస్తకాలు తీసేసి బట్టలు కుక్కుతారు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే నాన్న గొంతు తగ్గించేస్తాడు. వాడికి తెలిసిన యుద్ధం అంతే, అదే వాడికి జీవితాంతం గుర్తుంటుంది. అందుకని ఈ పద్ధతి మొత్తంలో నేను పట్టుబట్టేది ఒక్కటే: యుద్ధాన్ని గీయొద్దు. ఇంటిని గీయండి. పిల్లల కళ్ళు ఉండే ఎత్తునుంచి ఆ ఇంటిని చూసి, ఉండాల్సిన చోట ఏది లేదో దాన్ని గీయండి.

ఈ దారి మనకన్నా ముందు పిల్లలే చూపించారు. ప్రాగ్ నగరానికి ఉత్తరాన టెరెజిన్ అనే ఊరిని నాజీలు యూదుల నిర్బంధ శిబిరంగా మార్చారు. జర్మనీలోని కళా పాఠశాల బౌహౌస్‌లో చదువుకున్న చిత్రకారిణి ఫ్రీడ్ల్ డికర్ బ్రాండైస్‌ని 1942 డిసెంబర్‌లో అక్కడికి పంపించారు. ఆవిడ అక్కడి పిల్లలకి దొంగచాటుగా బొమ్మలు నేర్పింది. 1944 అక్టోబర్‌లో నాజీల మరణశిబిరం ఆష్విట్జ్‌లో ఆవిడని చంపేశారు. బయల్దేరే ముందు రెండు సూట్‌కేసుల నిండా దాచిపెట్టిన దాదాపు 4,500 బొమ్మలు మాత్రం మిగిలాయి. వాటిని ఇప్పుడు ప్రాగ్‌లోని యూదు మ్యూజియం కాపాడుతోంది. కాపలావాళ్ళూ అంతస్తుల మంచాలూ వాటిల్లో లేకపోలేదు. కానీ ఇళ్ళూ, పూలూ, సీతాకోకచిలుకలూ, భోజనాల బల్లలూ ఎన్నో ఉన్నాయి. పోగొట్టుకున్నవాటినే ఆ పిల్లలు గీసుకున్నారు.

పికాసో గెర్నికా బొమ్మని కూడా ఈ దృష్టితో ఒకసారి చూడండి. 1937 ఏప్రిల్ 26న స్పెయిన్‌లోని గెర్నికా అనే ఊరి మీద జర్మన్, ఇటాలియన్ విమానాలు బాంబులు వేశాయి. 3.49 మీటర్ల ఎత్తు, 7.77 మీటర్ల పొడవున్న అంత పెద్ద కాన్వాసులో ఒక్క విమానం లేదు, ఒక్క బాంబు లేదు, ఎర్రరంగు చుక్క లేదు. ఎడమవైపు చచ్చిపోయిన బిడ్డని ఒళ్ళో పెట్టుకున్న తల్లి, పైన కరెంటు బల్బు, కిటికీలోంచి దీపం చాచిన ఆడమనిషి. అది వీధో ఇంటి లోపలో తేల్చుకోలేం. గోడ కూలితే మరి ఇల్లూ వీధీ ఒకటే అయిపోతాయి.

ముందు, ఎవరి ఇల్లు?

ప్రపంచంలోని యుద్ధాలన్నిటికీ కలిపి ఒక బొమ్మ వేయలేం. ఒక ఇల్లు కావాలి, ఒక సంవత్సరం కావాలి, ఒక పిల్లో పిల్లాడో కావాలి. దూరం వెళ్ళనక్కర్లేదు, చెన్నై తెలుగు కుటుంబాల్లో వెతికితే దొరుకుతుంది.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. తర్వాత వంతు మద్రాసుదేనన్న భయంతో ఆ నెలలో ఊరు చాలామటుకు ఖాళీ అయిపోయింది. ఇక్కడి తెలుగువాళ్ళు సామాన్లు కట్టుకుని సొంతూళ్ళ రైళ్ళెక్కారు. సెంట్రల్ స్టేషన్ పక్కన పీపుల్స్ పార్కులో అప్పట్లో జూ ఉండేది. బాంబులు పడి బోన్లు విరిగితే మృగాలు ఊరిమీద పడతాయని వాటిని ముందే కాల్చేశారు. అంతకు ముందు ఆదివారమే సింహాన్ని చూసొచ్చిన పిల్లకి ఆ కబురు ఎలా చెప్పి ఉంటారో ఆలోచించండి. ఆ ఒక్క సంగతి మీద ఒక బొమ్మ వేయొచ్చు.

రంగూన్ మీద 1941 డిసెంబర్ 23న బాంబులు పడ్డాక బర్మానుంచి లక్షలమంది ఇండియా దారి పట్టారు. వాళ్ళలో మన శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాలవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. అడవిదారుల్లో నడిచొచ్చిన కథలు ఇప్పటికీ ఇళ్ళల్లో చెప్పుకుంటారు. 1971 డిసెంబర్‌లో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ విశాఖ తీరం దగ్గర మునిగినప్పుడు అక్కడ చిన్నపిల్లలుగా ఉన్నవాళ్ళు ఇప్పుడు అరవైకి అటూ ఇటూ ఉన్నవాళ్ళు. మీ అపార్ట్‌మెంట్‌లోనే ఒకరుండొచ్చు. 2022లో ఉక్రెయిన్‌నుంచి తిరిగొచ్చిన మెడికల్ విద్యార్థులు ఉండనే ఉన్నారు.

1983 తర్వాత శ్రీలంకనుంచి వచ్చిన తమిళ కుటుంబాలు చెన్నై చుట్టుపక్కల పుళల్‌లోనూ, తెలుగు ఊళ్ళకి ఆనుకుని ఉన్న గుమ్మిడిపూండిలోనూ శిబిరాల్లో ఉన్నాయి. వాళ్ళతో మీకు ముందునుంచే పరిచయం, స్నేహం ఉంటే ఆ కథ మీ దగ్గరికి దానంతటదే వస్తుంది. బొమ్మ కోసం కెమెరా పట్టుకుని శిబిరానికి వెళ్ళడం మాత్రం వద్దు. వాళ్ళు ఇప్పటికే ఎంతోమందికి ఎన్నోసార్లు చెప్పుకున్నారు.

అడిగే తీరు

పెద్దవాళ్ళని “అప్పుడు భయమేసిందా?” అని అడిగితే “వేసింది” అంటారు, అక్కడితో అయిపోతుంది. వస్తువుల గురించి అడగండి. “పెద్దమ్మా, లైట్లు తీసేశాక అందరూ ఏ గదిలో కూర్చునేవారు?” “ఆ పూట పొయ్యి మీద ఏముంది?” “మీ జడ ఎవరు వేశారు?” “తాతయ్యా, తాళం ఎవరి దగ్గర ఉంది?” ఇలా అడిగితే ఒక వస్తువు ఇంకో వస్తువుని లాక్కొస్తుంది. కిటికీ అద్దాలకి అతికించిన కాగితం ఏ రంగుదో చెప్తారు, దాన్ని అతికించడానికి ఉడికించిన మైదా జిగురు వాసన చెప్తారు. మీక్కావలసింది ఆ కాగితం రంగు.

మధ్యలో మాట ఆగిపోతే ఆగనివ్వండి. రెండోసారి అదే చోటుకి తీసుకెళ్ళొద్దు. రికార్డు చేయాలంటే ముందు అడగండి. బొమ్మ పూర్తయ్యాక మొదట వాళ్ళకే చూపించి, నలుగురిలో పెట్టొద్దంటే పెట్టకండి.

ఇంటి ప్లాను గీయండి

ఈ పని దాటేసి నేరుగా బొమ్మలోకి దూకేవాళ్ళే ఎక్కువ. నా లెక్కన మొత్తం బొమ్మకి ఇదే పునాది.

అలీగఢ్‌లో పుట్టిన జరీనా హష్మీ (1937–2020) దేశవిభజన తర్వాత పుట్టింటికి దూరమై, ఊరూరా తిరుగుతూ బతికిన కళాకారిణి. చిన్నప్పటి ఇంటిని ఆవిడ ప్లాను రూపంలో చెక్కింది. గదులు, గోడలు, వాకిళ్ళు, ఉత్త నల్లగీతలు. మనిషి లేడు, అయినా చూస్తే గుండె పట్టేస్తుంది. జాఫ్నా చిత్రకారుడు టి. శనాదనన్ యుద్ధంలో ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ చేత జ్ఞాపకంలోంచి వాళ్ళ ఇంటి ప్లానులు గీయించాడు. వాటి పక్కన తన బొమ్మలు చేర్చి 2011లో పుస్తకంగా తెచ్చాడు. చెయ్యి తిరగనివాళ్ళు గీసిన వంకర గీతలవి. ఏ చెట్టు ఎక్కడుందో, బావి ఎక్కడుందో అన్నీ ఉంటాయి.

మీరూ అలాగే ఒక ఏ3 కాగితం, 4బి పెన్సిల్ తీసుకోండి. స్కేలు వద్దు. గడప దగ్గర మొదలుపెట్టి లోపలికి నడుస్తున్నట్టు గీయండి. అరుగు, నడవ, వంటిల్లు, పెరడు, బావి. తర్వాత చిన్నవి: చిలక్కొయ్యలు, గోడగూళ్ళు, అటక, దండెం, తిరగలి ఉండే మూల. కథ వేరేవాళ్ళదైతే పెన్సిల్ వాళ్ళ చేతికే ఇవ్వండి. వంటిల్లు హాలుకంటే పెద్దగా వస్తే సరిదిద్దకండి. పిల్లప్పుడు వాళ్ళకి అది అంత పెద్దది.

ఇప్పుడు ఎర్ర పెన్సిల్‌తో పిల్లల లోకం గుర్తుపెట్టండి. ఎక్కడ పడుకునేది, ఎక్కడ దాక్కునేది, ఏ గడియ అందేది కాదు, ఏ మూలకి ఒంటరిగా వెళ్ళాలంటే భయం. దాని మీద నీలం పెన్సిల్‌తో యుద్ధం వచ్చాక మారినవి. ఏ కిటికీ మూశారు, మూటలు ఎక్కడ పేర్చారు, రాత్రి అందరూ ఎక్కడ గుమికూడారు. ఎరుపూ నీలమూ ఒకదానిమీద ఒకటి పడ్డ చోటు చూసుకోండి. పిల్ల దాక్కుని ఆడుకున్న మూలలోనే తర్వాత అందరూ నిజంగా దాక్కున్నారేమో. మీ బొమ్మ ఆ చోటునుంచి చూసినట్టు వేయాలి.

సామాను

తక్కువే చాలు. రెండడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు హార్డ్‌బోర్డు ముక్క ఏ ప్లైవుడ్ షాపులోనైనా కోసిస్తారు. జెస్సో (రంగు వేసేముందు బోర్డుకి పూసే తెల్లటి పూత) ఖరీదు అనిపిస్తే గోడలకి వేసే నీళ్ళ ప్రైమర్ రెండు పూతలు వేసి, పూతకీ పూతకీ మధ్య గరుకు కాగితంతో రుద్దండి (ఇక్కడి హార్డ్‌వేర్ షాపుల్లో ఉప్పుత్తాళ్ అంటే ఇస్తారు). అక్రిలిక్ ట్యూబులు నాలుగు: టైటానియం వైట్, యెల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరైన్ బ్లూ. నలుపు కొనకండి, ఎందుకో కింద చెప్తాను. స్కెచ్‌లకి కాగితం ఎక్కువ కావాలంటే జార్జిటౌన్ ఆండర్సన్ స్ట్రీట్‌లో చవకగా వస్తుంది.

చెన్నై ఎండల్లో అక్రిలిక్ పళ్ళెంలోనే గట్టిపడిపోతుంది. స్టీలు పళ్ళెంలో తడిగుడ్డ పరిచి, దానిమీద బటర్ పేపర్ వేసి రంగులు దానిమీద పెట్టుకోండి. గంటలకొద్దీ మెత్తగా ఉంటాయి.

కంటి గీత కిందికి దింపండి

ఒక బొమ్మనే పట్టుకుని చివరిదాకా నడుద్దాం. 1942 ఏప్రిల్, జార్జిటౌన్‌లో ఒక తెలుగువాళ్ళ ఇల్లు అనుకోండి. రేపు తెల్లవారి రైలుకి ఊరెళ్ళిపోతున్నారు. చూస్తున్నది నాలుగేళ్ళ పాప.

నాలుగేళ్ళ పిల్ల దాదాపు మీటరు ఎత్తుంటుంది, కళ్ళు నేలకి 90 సెంటీమీటర్ల దగ్గర. గది ఎత్తు మూడు మీటర్లనుకుంటే, మన బోర్డు 60 సెంటీమీటర్లు కాబట్టి బోర్డుమీద 1 సెంటీమీటరుకి గదిలో 5 సెంటీమీటర్లు. కంటి గీత, అంటే చూసేవాళ్ళ కళ్ళ ఎత్తుని చూపే అడ్డగీత, బోర్డు అడుగునుంచి 18 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. చాలామంది అలవాటుగా సగం దగ్గర గీస్తారు, దాంతో బొమ్మ పెద్దవాళ్ళదైపోతుంది. 18 దగ్గర పెన్సిల్‌తో ఆ గీత గీసి చూడండి. దానిపైన ఎంత ఖాళీ మిగిలిందో! ఆ ఖాళీ అంతా పాపకి అందని లోకం.

గీతకి పైన ఉన్న ప్రతిదాని అడుగుభాగం కనిపించాలి: అటక కింది చెక్కలు, అలమర అరల అడుగు. 75 సెంటీమీటర్ల బల్ల గీతకి కొంచెమే కింద కాబట్టి దాని పైభాగం సన్నటి పట్టీలా కనిపిస్తుంది, బల్లమీద ఏముందో పాపకి సరిగా తెలియదు. చదునైన నేలమీద ఎంతమంది పెద్దవాళ్ళు, ఎంత దూరంలో నిలబడ్డా ఈ గీత అందరినీ నడుముకి కాస్త కిందనే కోస్తుంది. ఇది పర్‌స్పెక్టివ్ సూత్రం, ఇక్కడ అదే మీ భావం కూడా. దగ్గరగా నిలబడ్డవాళ్ళ మొహాలు బోర్డు పై అంచు దాటిపోతాయి. పాపకి కనిపించేది కుచ్చిళ్ళు, తాళాలగుత్తి, పంచె అంచు, వేళ్ళాడే చేతులు. పెద్దవాళ్ళు ఏమనుకుంటున్నారో మొహం చూసి తెలుసుకునే వీల్లేదు. నిజంగానే ఆ రాత్రి ఏ పిల్లకీ ఎవరూ ఏమీ చెప్పరు.

నమ్మకం కుదరకపోతే మీ హాల్లో నేలమీద మోకాళ్ళమీద కూర్చుని, ఫోను కళ్ళ దగ్గర పెట్టి నాలుగు ఫోటోలు తీసుకోండి. వాటినే రిఫరెన్సుగా వాడండి.

లేనిదాన్ని గీయడం

ఇంట్లో ఒకే ఒక్క వస్తువు తీసేయండి. మన బొమ్మలో అది ఉయ్యాల బల్ల. బల్ల విప్పేసి గోడకి ఆనించారు, లేదా పక్కింట్లో ఇచ్చేశారు. దూలంనుంచి నాలుగు గొలుసులు మాత్రం వేళ్ళాడుతున్నాయి. కింద ఎర్ర సిమెంటు గచ్చు మీద, పిల్లల పాదాలు రాసుకుని రాసుకుని నునుపెక్కిన మచ్చ ఒకటుంది. ఆ మచ్చ మీద మనసు పెట్టండి. బర్న్ట్ సియెన్నాలో చిటికెడు ఓకర్ కలిపి గచ్చు మొత్తం వేయండి, ఆరనివ్వండి. మచ్చ ఉండే చోట అదే రంగుని నీళ్ళతో పల్చగా చేసి, కొద్దిగా తెలుపు కలిపి, మెత్తటి గుడ్డతో ముందుకీ వెనక్కీ తుడవండి. బ్రష్ వద్దు. ఉయ్యాల ఊగిన దిక్కులోనే చెయ్యి కదలాలి. బల్ల లేకపోయినా చూసేవాళ్ళకి ఆ ఊపు తెలుస్తుంది.

ఫోటో తీసేసిన గోడ ఇంకో మంచి సాధనం. గోడ రంగు వేసి ఆరాక, ఫోటో ఉండిన చోట మాస్కింగ్ టేప్ అతికించండి. మిగతా గోడంతా సియెన్నా, కొద్దిగా నీలం కలిపిన పల్చటి నీళ్ళరంగుతో రెండు పూతలు పూయండి. ఏళ్ళ తరబడి పొగ పట్టిన గోడ వస్తుంది. టేప్ లాగేస్తే కింద తేటగా ఒక నలుచదరం మిగులుతుంది, పైన ఒక మేకు గీయండి. దేవుడి పటమా, తాతగారి ఫోటోనా అన్నది మీరు చెప్పనక్కర్లేదు.

శిథిలాల్లో పడున్న బొమ్మ, ఒంటి చెప్పు, పావురం, ముళ్ళకంచె పెట్టకండి. వాటికి తప్పు లేదు, అందరూ వాడేసి వాటి బలం పోయింది. మీ ప్లానులో ఎర్ర పెన్సిల్ గుర్తులున్నాయి కదా, అవి ఇంకెవరి దగ్గరా ఉండవు.

రంగులు

నలుపు ఎందుకు వద్దన్నానంటే, ట్యూబు నలుపుతో తెచ్చిన బూడిదరంగు చచ్చిపడి ఉంటుంది. అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా సమంగా కలిపితే నలుపుకి చాలా దగ్గర ముదురు రంగు వస్తుంది. తెలుపు కలిపేకొద్దీ బూడిదరంగులవుతాయి, సియెన్నా పెంచితే వెచ్చగా, నీలం పెంచితే చల్లగా. ఇల్లు వదిలే రాత్రికి ఇంతకన్నా రంగులక్కర్లేదు.

గోడని రెండు కాలాలుగా కట్టండి. మొదటి పొర ఓకర్, తెలుపు కలిపిన వెచ్చటి రంగు, పండగకి సున్నం కొట్టిన ఇల్లు. రోజంతా ఆరనివ్వండి. దానిమీద చల్లటి బూడిదరంగు పొర వేసి, అది పూర్తిగా ఆరకముందే పాత ఏటీఎం కార్డు అంచుతో అక్కడక్కడ గీకండి. కింది పసుపు బయటికొస్తుంది. ఎక్కడ గీకాలన్నది కూడా ప్లాను చూసి నిర్ణయించండి: పాప చెయ్యి ఆనించే ఎత్తులో, తలుపు పక్కన. ఫ్యాను ఆపి పనిచేయండి, లేకపోతే పై పొర నిమిషాల్లో బిగుసుకుపోయి గీకుడు పడదు.

వెలుగు ఒక్కచోటునుంచే రావాలి. ఆ రోజుల్లో దీపాల వెలుగు బయటికి పోకూడదని ఆంక్షలుండేవి. మన బొమ్మలో బల్బుకి కాగితం చుట్టేశారు, వెలుగు కిందికి మాత్రమే దిగుతోంది. అది గొలుసుల చివర్లమీదా గచ్చు మచ్చమీదా పడనివ్వండి. మూటలు చీకట్లో ఉంటే చాలు.

మనుషులు

కన్నీళ్ళు గీయకండి. భయం చేతుల్లో ఉంటుంది. బోర్డు కింది అంచులో, తల్లి కొంగుని గుప్పిట్లో బిగించిన చిన్న చెయ్యి ఒక్కటి చాలు. చూసేవాడే ఆ పాప అయిపోతాడు. చేతుల కోసం ఇంట్లో పిల్లలు నిద్రపోయేటప్పుడు పక్కన కూర్చుని బొగ్గుతో చకచకా స్కెచ్‌లు వేయండి. వేళ్ళు పొట్టిగా, అరచెయ్యి బొద్దుగా ఉంటుంది. పెద్దవాళ్ళ చేతిని చిన్నగా గీస్తే పిల్ల చెయ్యి అవదు.

తల్లిని గీయాలంటే కేతె కోల్విట్జ్ దగ్గర నేర్చుకోండి. జర్మన్ చిత్రకారిణి. 1914 అక్టోబర్‌లో ఆవిడ కొడుకు పేటర్ యుద్ధంలో చనిపోయాడు. రెండో ప్రపంచయుద్ధం మధ్యలో, డెబ్బై దాటిన వయసులో, ఆవిడ రాతి అచ్చుగా చేసిన లితోగ్రాఫ్‌లో ఒక తల్లి రెండు చేతులూ చాచి పిల్లల్ని తన కిందికి లాక్కుంటుంది. విత్తనాల గింజల్ని పిండి కొట్టకూడదన్నది దాని పేరు. ఆ చేతులు ఇంటికప్పులా ఉంటాయి, కింద పిల్లల కళ్ళు బయటికి తొంగిచూస్తుంటాయి. తర్వాత 1942లో ఆవిడ మనవడు కూడా యుద్ధంలో పోయాడు. 1943లో బెర్లిన్‌లోని ఆవిడ ఇల్లు బాంబుదాడిలో కూలిపోయింది. ఆ బొమ్మలో భుజాల గీతని వేలితో వెంబడించి చూడండి, ఎక్కడా తెగకుండా ఒక్క ముద్దగా ఎలా కట్టిందో తెలుస్తుంది.

గాజా, ఉక్రెయిన్ పిల్లల వార్తాఫోటోలు చూసి యథాతథంగా వేయొద్దు. హక్కుల సంగతి అటుంచితే, ఆ ఫోటోలో ఉన్నది ఫలానా బిడ్డ, వాళ్ళకి ఒక కుటుంబం ఉంది. వార్తలనుంచి గోడలు ఎలా విరుగుతాయో, ఇనుపచువ్వలు ఎలా వంగుతాయో నేర్చుకోండి. మొహాలు తీసుకోకండి.

రంగులే వద్దనుకునేవాళ్ళకి సోమనాథ్ హోర్ ఒక దారి చూపించాడు. బెంగాల్ కరువునీ హింసనీ కళ్ళారా చూసిన కళాకారుడు. 1970లలో ఆయన చేసిన ‘గాయాలు’ వరసలో తెల్లటి కాగితపు గుజ్జుమీద తెల్లటి చీలికలు, గుంటలు, అంతే. మీరూ బోర్డుమీద తడిపిన కాగితపు గుజ్జులో ఫెవికాల్ కలిపి మందంగా పరిచి, తడిగా ఉన్నప్పుడే ఇంటి ప్లానుని కత్తిమొనతో కోయొచ్చు. ఆరాక పక్కనుంచి లైటు వేస్తే గీతలు నీడల్లో కనిపిస్తాయి.

పిల్లలతో వేయించేటప్పుడు

కొందరు ఈ పద్ధతిని తమ బడిలోనో కాలనీలోనో పిల్లల దగ్గరికి తీసుకెళ్తామంటారు. మంచిదే, కానీ పెద్దల పద్ధతి వాళ్ళకి పనికిరాదు. “యుద్ధం గీయండి” అనకండి. “మీ ఇల్లు గీయండి” అనండి, లేదా “మీకు నచ్చిన చోటు”. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఇళ్ళు వదిలి పిల్లల వసతుల్లో ఉన్నవాళ్ళు గీసినవాటిలో యుద్ధానికి ముందు జీవితం, బాంబుదాడి, తరలిపోవడం, వసతిలో రోజులు అన్నీ ఉన్నాయి. ఏది గీయాలన్నది పిల్లలే ఎంచుకోవాలి.

బొమ్మ అయ్యాక “ఇదేంటి? ఇందులో చచ్చిపోయిందెవరు?” అని గుచ్చకండి. “దీని గురించి చెప్తావా కన్నా?” అని ఒకసారి అడిగి, చెప్పకపోతే ఊరుకోండి. బాగుంది, బాగాలేదు అనొద్దు, మార్కులు అసలే వద్దు. పేరు మాత్రం వాళ్ళ చేత్తోనే రాయించండి. టెరెజిన్‌లో ఫ్రీడ్ల్ అలాగే రాయించేది, అందుకే ఈరోజు ఆ పిల్లలు మనకి పేర్లతో తెలుసు.

బొమ్మ వేయడం వైద్యం కాదు. ఒక పిల్ల వారాల తరబడి అదే భయంకరమైన దృశ్యం గీస్తూ, గీసినా నెమ్మదించకుండా, నిద్రా తిండీ తగ్గి ఉంటే, మీరు సొంతంగా ఏమీ చేయబోకండి. ఇంట్లోవాళ్ళతో మాట్లాడి మానసిక వైద్యుల దగ్గరికి పంపండి. మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, పిల్లల సహాయానికి 1098.

పూర్తయ్యాక

పేరుకి ‘యుద్ధ విషాదం’, ‘చెదిరిన బాల్యం’ లాంటివి పెట్టకండి. ఊరు, నెల, సంవత్సరం రాయండి: జార్జిటౌన్, 1942 ఏప్రిల్. కథ చెప్పినవాళ్ళు ఒప్పుకుంటేనే వాళ్ళ పేరు వెనకవైపు రాయండి. ఇంటి ప్లాను కాగితాన్ని కూడా పారేయకండి, కొన్నిసార్లు దాన్నే పక్కన ఫ్రేము కట్టించాలనిపిస్తుంది.

అక్రిలిక్ మూడు నాలుగు రోజులు ఆరాక మ్యాట్ వార్నిష్ ఒక పూత వేయండి. గ్లాసీ వద్దు, మెరుపులో గచ్చు మచ్చ కనిపించకుండా పోతుంది. అక్టోబర్‌నుంచి డిసెంబర్ దాకా మన ఊళ్ళో గోడలు చెమరుస్తాయి. హార్డ్‌బోర్డు వెనకవైపు కూడా ఒక పూత ప్రైమర్ వేస్తే తేమకి వంగదు. వానతగిలే బయటిగోడకి తగిలించకుండా లోపలి గోడ చూసుకోండి. ఫ్రేము వెనక కింది మూలల్లో రెండు బెండు ముక్కలు అతికించి, గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడనివ్వండి.